శావిగల మాను మీద బయ్యన్న జాగా

బయ్యన్న బరువెంతో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరి బోరు ఎంత లోతు, ఎవరి ఎద్దుకు ఎన్ని పళ్లు అన్నట్టే అది కూడా ఊరుమ్మడి సమాచారం. గార్లదిన్నె పక్కనుండే ఆ చిన్న ఊళ్లో వేరుశెనక్కాయలు కొనే తిప్పేష్ దగ్గర పెద్ద కాటా ఉంది. పంట అమ్మకాలు అయిపోయాక ఏటా ఆఖరున దాని మీదికి బయ్యన్న ఎక్కేవాడు. మూడు మూటలకు ఒక పిడికెడు అటో ఇటో తూగేవాడు. వానల్లేక చెట్టుకు నాలుగు కాయలు కూడా పట్టని ఏడాది కూడా ఎక్కాడు.

"ఈ తూరి నా కాటా మీదికొచ్చిన సరుకు నువ్వొక్కడివేనప్పా" అన్నాడు తిప్పేష్ ఆ ఏడాది.

అంత శరీరం వల్ల బయ్యన్నకు ఒరిగింది మాత్రం తక్కువే. చిన్నప్పుడు పిల్లలు చెట్టెక్కి ఆడుకుంటుంటే ఇతన్ని కింద చెప్పులకు కాపలా పెట్టేవాళ్లు. పెళ్లిచూపులకు బత్తలపల్లె పోయినప్పుడు కూర్చున్న నులక మంచం పట్టె విరిగి కాబోయే మామ ఒళ్లో పడ్డాడు. తలుపు వెనక నుంచి కిసుక్కుమని ఒక నవ్వు వినిపించింది. ఇక ఈ సంబంధం కుదరదనుకుని కాఫీ కూడా తాగకుండా వచ్చేశాడు. తీరా చూస్తే ఆ నవ్విన పిల్లే, "మంచం ఇరగ్గొట్టినాయన్నే చేసుకుంటా" అని పట్టుబట్టిందట. ఆమే సుబ్బలక్ష్మమ్మ. మనిషి చింతబరికెలా ఉంటుంది. ఇద్దరూ కలిసి వీధిలో నడిచొస్తుంటే కాటా, దాని ముల్లు నడిచొస్తున్నట్టు ఉంటుందని తిప్పేషే అన్నాడు.

బస్సెక్కితే కండక్టరు అతని పక్క సీటు వైపు చూసి నిట్టూర్చేవాడు. విత్తనం వేసిన చేలోకి అడుగు పెడితే, "యోవ్, గట్టు మీదే ఉండు, మొలకలు లోపలికే పోతాయి" అని సుబ్బలక్ష్మమ్మ అరిచేది. ఏడాది పొడవునా ఆ ఒళ్లు ఒక ఇబ్బంది, ఒక వేళాకోళం. ఒక్క ఉగాది ముందు వారంలో మాత్రం అది గౌరవం.

ఎందుకంటే ఉగాదికి ముందు ఆ ఊళ్లో శావిగలు ఒత్తుతారు. పట్నంలో ప్యాకెట్లలో దొరికే సేమ్యాలకు అవి పెద్దమ్మల్లాంటివి. ఇంట్లో నానబెట్టి, ఆరబెట్టి, విసిరి, జల్లించిన గోధుమలతో చేసుకునేవి. వీధి మొత్తానికి శావిగల మాను ఒక్కటే. అది హనుమక్క ఇంటి ముందు రేకుల కొట్టంలో ఉంది. మాను అంటే మనిషిన్నర పొడవుండే తుమ్మ దూలం. దాని ఒక కొస గోడలోని కంతలో ఇరుక్కుని ఉంటుంది. గోడకు దగ్గరగా కింద ఒక కొయ్య దిమ్మె, దిమ్మెలో బొక్క, బొక్క అడుగున చిల్లుల ఇత్తడి బిళ్ల. బొక్కలో పిండి ముద్ద పెట్టి, దూలానికి బిగించిన రోకలి ముక్కను అందులో దించి, దూలం మీద ఎవరో ఒకరు బరువుగా కూర్చుంటే కింద నుంచి శావిగలు దారాల్లా దిగుతాయి. ఒకామె వాటిని అరచేతుల మీద పట్టుకుని తెంపుతుంది. ఇంకొకామె తీసుకుపోయి ఎండలో కట్టెల మీద ఆరేస్తుంది. ఈ రోజు ఒక ఇంటి పిండి, రేపు ఇంకో ఇంటి పిండి. ఎవరి పిండైనా వీధిలో ఆడవాళ్లంతా చెయ్యి వేస్తారు. మాను మీద మాత్రం బయ్యన్న కూర్చుంటాడు.

ఆ కూర్చోవడానికి ఒక పద్ధతి ఉంది. దూలం నడిమిలో, తరాల తరబడి కూర్చుని కూర్చుని అరిగిన ఒక గుంత ఉంది. బయ్యన్న తాత కూర్చున్నది అందులోనే, నాయన కూర్చున్నదీ అందులోనే. దూలం చివర కూర్చుంటే తక్కువ బరువుకే అది సులువుగా దిగుతుంది. ఈ సంగతి బడి ముఖం చూడనివాళ్లకు కూడా తెలుసు. అందుకే చివర పిల్లల జాగా. బయ్యన్న ఊళ్లో లేని పూట ముగ్గురు పిల్లల్ని చివర వరసగా కూర్చోబెట్టి పని కానిచ్చుకుంటారు. నడిమిలో కూర్చుని దించగలిగితేనే పెద్దమనిషి.

మాను మీద కూర్చున్నందుకు కూలి ఉండదు. ప్రతి ఇంటివాళ్లు మొదటి వాయి శావిగల్ని వేడి నీళ్లలో ఉడికించి, వంచి, బెల్లం పాకం పోసి, కొబ్బరి తురుము చల్లి, నెయ్యి వేసి పళ్లెంలో పెట్టి బయ్యన్నకు ఇస్తారు. వారంలో వీధి వీధంతా తిరిగే పళ్లెం అది. అంటే బయ్యన్న బరువు వల్ల శావిగలు, శావిగల వల్ల బయ్యన్న బరువు. ఈ చక్రం ఏళ్ల తరబడి ఏ అడ్డూ లేకుండా తిరిగింది.

అడ్డు కోడలి రూపంలో వచ్చింది.

కొడుకు శ్రీకాంత్ రోజూ ఊరి నుంచి పోయొస్తూ అనంతపురంలో కాలిపోయిన బోరు మోటార్లు బాగుచేస్తాడు. కరువులో కూడా పని తగ్గని వృత్తి అదొక్కటే. అతని భార్య ఇంద్రాణి తాడిపత్రి అమ్మాయి, బి.యస్సీ చదివింది. మూడేళ్ల కూతురు లహరి పుట్టినప్పటి నుంచి ఆ చదువంతా భయాల రూపంలో బయటికి వస్తోంది. నీళ్లు కాచి, చల్లార్చి, మళ్లీ కాస్తుంది. చెప్పుల్లో తేళ్లున్నాయేమోనని దులుపుతుంది, దులిపాక ఆ తేలు యాడికి పోయి ఉంటుందోనని వెతుకుతుంది. లేని తేలు కోసం ఒక మధ్యాహ్నం ఇల్లంతా తిరగేసిన మనిషి ఆమె.

పోయిన ఎండాకాలం బయ్యన్న చేని గట్టు మీద కళ్లు తిరిగి పడ్డాడు. ట్రాక్టరు తెచ్చి, నలుగురు ఎత్తలేక, ఇంకో ముగ్గుర్ని పిలిపించి ఎక్కించారు. అనంతపురం డాక్టరు చక్కెర జబ్బన్నాడు, రక్తపోటన్నాడు, ఒళ్లు తగ్గాలన్నాడు. అందరూ విన్నారు. పట్టించుకున్నది ఇంద్రాణి ఒక్కతే. ఆ రోజు నుంచి బయ్యన్న పళ్లెం ఆమె చేతిలోకి పోయింది. పొద్దున కొర్రన్నం, మధ్యాహ్నం రాగి ముద్ద, రాత్రికి రెండు జొన్న రొట్టెలు. పొద్దున, సాయంత్రం చెరువుగట్టు దాకా నడక.

"కరువులో మా తాత గతిలేక తినిన కొర్రలు, నేను డాక్టరుకు దుడ్లిచ్చి తినల్లనా" అని బయ్యన్న మొదట్లో మొరపెట్టుకున్నాడు.

"మీ తాతకు చక్కెర జబ్బు ఉండిందా మామా?" అంది ఇంద్రాణి.

"యాడిది. ఆయన తొంబై ఏండ్లు బతికినాడు."

"అందుకే తినండి."

ఒకరోజు పళ్లెంలో ముద్దను వేలితో పొడిచి చూసి, "ఇది ముద్దా, నిమ్మకాయా తల్లీ" అన్నాడు.

"నిన్న నిమ్మకాయంత కూడా ల్యాదంటిరి గదా. అందుకని ఈ పొద్దు నిమ్మకాయంత చేసినా."

అతనికి కోపం వచ్చేది గానీ నిలిచేది కాదు. ఇంద్రాణి నాయన తాడిపత్రిలో బండలు కోసే మేస్త్రీ. చక్కెర జబ్బును లెక్కచేయక, లహరి ఇంకా పుట్టకముందే పోయాడు. ఈ సంగతి ఇంద్రాణి ఎప్పుడూ ఎత్తదు. సుబ్బలక్ష్మమ్మ ఒక రోజు కొర్రన్నం వడ్డిస్తూ మెల్లగా చెప్పింది: "ఆ బిడ్డకు నాయన ల్యాడు. కూతురికి ఒక్క తాతన్నా మిగలల్లని దాని తాపత్రయం. గమ్మున తిను." బయ్యన్న గమ్మున తిన్నాడు. ఏడాది తిరిగేసరికి అతని చొక్కాలు వదులై, సుబ్బలక్ష్మమ్మ ఒక్కో చొక్కాను మూసి కుట్టి, మిగిలిన గుడ్డతో లహరికి గౌన్లు కుట్టింది. తాత చొక్కా, మనవరాలి గౌను ఒకే గళ్లతో ఉండేవి. అందరూ బాగుపడ్డావన్నారు. బయ్యన్న కూడా అనుకున్నాడు, మళ్లీ ఉగాది దగ్గరికి వచ్చే దాకా.

ఆ వారం మొదలైందంటే ఇల్లు ఇల్లులా ఉండదు. సామానంతా వీధిలోకి వచ్చింది. మంచాలు, డబ్బాలు, ఎప్పుడో పోయిన రేడియో, బొంతల గుట్ట, అన్నీ ఎండలో నిలబడ్డాయి. బొంతలు ఉతకడానికి నీళ్లు లేక, బోరులో నీళ్లున్న సోమప్ప తోటకు రెండు వీధుల బొంతలు ఒకే ట్రాక్టరులో పోయాయి. కరెంటు ఉన్నంతసేపే నీళ్లు. అందుకని ఎవరి బొంతో చూడకుండా ఎవరికి దొరికింది వాళ్లు ఉతికారు. తిరిగొచ్చాక ఎవరి బొంత ఏదో తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. ప్రతి ముక్కా ఎవరి పాత చీరదో ఆడవాళ్లకు గుర్తుంది కాబట్టి తేలింది గానీ, లేకపోతే పండగ దాటేది.

శ్రీకాంత్ రెండు రోజులు షాపు మూసి సున్నం కొట్టాడు. పీపాలో సున్నపురాళ్ల మీద నీళ్లు పోయగానే బుడబుడమని ఉడుకుతుంటే, లహరికి అది ప్రపంచంలోకెల్లా గొప్ప వింత. ఎన్నిసార్లు లాగేసినా పీపా దగ్గరికే పోయేది. ఇంద్రాణికి ప్రాణం గుప్పిట్లో ఉంది. "కంట్లో పడితే ఏంగావల్ల" అని, చివరికి ఒక పాత చీర కొంగు చింపి, ఒక కొస లహరి నడుముకు, ఇంకో కొస బయ్యన్న నడుముకు కట్టింది.

"ఏంది తల్లీ, నేనేమన్నా గుంజనా" అన్నాడు బయ్యన్న.

"కదలకుండా కూచోండి మామా. పండగ పనిలో మీ వంతు ఇదే."

బరువు తగ్గినా గుంజగా పనికొచ్చానని అతను సరిపెట్టుకున్నాడు. అదే రోజు సాయంత్రం హనుమక్క వచ్చింది. ఈ వీధిలో ఆమె మాటకు ఎదురుండదు. మాను ఆమె కొట్టంలో ఉన్నందున మాత్రమే కాదు, ఆమె గొంతు వల్ల కూడా. వచ్చి బయ్యన్నను కింద నుంచి పై దాకా చూసింది.

"ఏమప్పా, ఇట్లయిపోతివి. ఎల్లుండి మా పిండితో మొదలుపెడ్తాండాం. ఈ తూరి నీ చేత అవుతాదా?"

"ఎందుకు గాదు హనుమక్కా?"

"కాదని గాదు. చెన్నప్ప వచ్చిండాడు పండక్కి. వాన్ని కూచోబెడ్దామా అని తిమ్మమ్మోల్లు అంటాండారు."

చెన్నప్ప తాడిపత్రి నుంచి బండల లారీ తోలే కుర్రవాడు. దారి పొడవునా దాబాల్లో పరోటాలు తిని తిని, బయ్యన్న పోగొట్టుకున్న ఒళ్లంతా తనే తెచ్చుకున్నట్టు తయారయ్యాడు. హనుమక్క పోయాక బయ్యన్న నడుముకున్న ముడిని సవరించుకుంటూ కూర్చున్నాడు. నాయన పోయిన ఏడు, పెద్దవాళ్లంతా కలిసి తనను పిలిచి ఆ గుంతలో కూర్చోబెట్టిన రోజు గుర్తుకొచ్చింది. తనకు ఈ ఊళ్లో ఎవరూ వేరే పదవి ఇవ్వలేదు, అతను అడగనూ లేదు. ఉన్న ఒక్క జాగా కూడా పరోటాల పాలవుతోంది.

మర్నాడు లహరిని నడుముకు కట్టుకునే తిప్పేష్ కాటా దగ్గరికి పోయాడు. ముల్లు రెండు మూటలు దాటి, కాస్త ఊగి ఆగిపోయింది.

"ఒక మూట యాడ పారేసుకుంటివప్పా" అన్నాడు తిప్పేష్ నిజంగానే బాధపడుతూ.

"దొరుకుతాదిలే" అన్నాడు బయ్యన్న.

వెతకడం ఇంటికి రాగానే మొదలుపెట్టాడు. వంటింట్లో సుబ్బలక్ష్మమ్మ, ఇంద్రాణి పండగ ఓళిగల పూర్ణానికి శనగబేడలు ఏరుతున్నారు. బెల్లం డబ్బా గూట్లో ఉంది. అతను మెల్లగా గూటి వైపు జరిగాడు. అతనితోపాటు చీర పేలిక జరిగింది, దాని వెనక లహరి కూడా జరిగింది. ముక్క నోట్లో పడిందో లేదో, "అమ్మా, తాత బెల్లం తింటాండాడు. నాకీల్యా" అని వినిపించింది. సున్నం పీపా నుంచి పాపను కాపాడటానికి కట్టిన ముడి, బెల్లం డబ్బా నుంచి తాతను కాపాడటానికి కూడా అక్కరకొచ్చింది. ఇంద్రాణి వచ్చి చెయ్యి చాచి నిలబడింది. మూడేళ్ల పిల్ల ముందు, యాభై ఏళ్లు దాటిన మనిషి నోట్లోని బెల్లం ముక్క తీసి కోడలి చేతిలో పెట్టాడు.

తిని బరువు పెరగడానికి ఎలాగూ ఒక్కరోజు చాలదు. అది బయ్యన్నకు కూడా తెలుసు. సాయంత్రం లహరి నిద్రపోయాక ముడి విప్పుకుని మళ్లీ తిప్పేష్ దగ్గరికి పోయాడు. కొత్త కాటా వచ్చాక మూలన పడేసిన పాత ఇనప తూకం రాళ్లు అక్కడున్నాయి.

"ఆ రాళ్లు రెండు రేపొక్క పూట ఇస్తావా?"

"ఏంటికప్పా?"

"ఇంట్లో అవసరం పడింది."

తిప్పేష్ రెండు రాళ్లూ తీసి ఇచ్చాడు. బయ్యన్న ముఖం అలా ఉంది.

తెల్లవారి ఎండ పడేసరికి హనుమక్క కొట్టం నిండిపోయింది. పిండి ముద్దలు తడిగుడ్డ కింద ఉన్నాయి. ఎండలో కట్టెలు వరసగా నిలబెట్టారు. శావిగలు పట్టడానికి సుబ్బలక్ష్మమ్మ మాను కింద చేతులకు నూనె రాసుకుని కూర్చుంది. ఇంద్రాణి లహరిని చంకలో పెట్టుకుని గడప బయటే నిలబడింది. దూలం లేచినా పడినా పిల్లకు తగులుతుందని ఆమె భయం. పాప కొట్టంలో కాలు పెట్టకూడదని పొద్దున్నే ఆజ్ఞ అయింది. చెన్నప్ప కూడా వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు.

బయ్యన్న వచ్చాడు. నడక కొంచెం వింతగా ఉంది. నిండు చూలాలు నడిచినట్టు వెనక్కి వాలి, అడుగు చూసుకుని వేస్తున్నాడు. బొజ్జ మాత్రం పోయిన ఏటి బొజ్జే.

"అరే, పొద్దుటికి ఒళ్లు చేసినాడే" అంది తిమ్మమ్మ.

బయ్యన్న ఎవరి వైపూ చూడకుండా పోయి దూలం పట్టుకుని గుంతలో కూర్చున్నాడు. దూలం దిగింది. మెల్లగా, ఆగకుండా, అతను ఎప్పుడూ దించినట్టే దిగింది. కింద నుంచి శావిగలు వానచినుకుల తీగల్లా జారుతుంటే సుబ్బలక్ష్మమ్మ పట్టుకుంది. ఆరేసే ఆడవాళ్లు కదిలారు. హనుమక్క తృప్తిగా తలూపింది. బయ్యన్న చెన్నప్ప వైపు ఒక్కసారి చూశాడు.

రెండో ముద్ద పెట్టారు. బయ్యన్న లేచి, దూలాన్ని పైకెత్తి, మళ్లీ కూర్చోబోయాడు. అప్పుడు చొక్కా లోపల ఏదో జారింది. అతను గబుక్కున కడుపు పట్టుకున్నాడు. ఆలస్యమైంది. పంచె మడతల్లోంచి ఒక ఇనప రాయి ధబ్బున కింద పడి, దొర్లుకుంటూ పోయి హనుమక్క కాళ్ల దగ్గర ఆగింది. కొట్టంలో అందరూ దాన్నే చూస్తుండగా రెండోది కూడా పడింది.

హనుమక్క వంగి రాయిని చూసి, తర్వాత బయ్యన్నను చూసి అడిగింది: "ఏమప్పా, గుడ్లు పెడ్తాండావా?"

ఇక కొట్టం ఆగలేదు. తిమ్మమ్మ నవ్వలేక కింద కూర్చుంది. చెన్నప్ప ఒక రాయిని రెండు చేతులతో ఎత్తి, "మామా, ఇవి పొదిగేదానికి గంప తెప్పియ్యల్లనా" అన్నాడు. మాను కింద సుబ్బలక్ష్మమ్మ నూనె చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. కిసుక్కుమని వచ్చిన ఆ నవ్వును బయ్యన్న గుర్తుపట్టాడు. మంచం విరిగిన రోజు తలుపు వెనక నుంచి విన్న నవ్వే. ఆ రోజు పారిపోయే దారి ఉండింది. ఈ రోజు లేదు. నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, భుజాన వేసుకుని, మూలనున్న రుబ్బురోలు మీద కూర్చున్నాడు.

ఇంద్రాణి నవ్వలేదు. అతని చొక్కా మీద ఇనప తుప్పు మరక చూసింది, బొజ్జ చుట్టూ తువ్వాలు బిగించిన చోటు వాచి ఉండటం చూసింది. ఇన్నాళ్లూ మామగారి ఏడుపంతా పళ్లెంలో బెల్లం పాకం కోసమనే ఆమె అనుకుంది.

"పిండి ఆరిపోతాది. చెన్నప్పా, నువ్వెక్కు" అంది హనుమక్క.

చెన్నప్ప చేతులు దులుపుకుని వచ్చి, లారీ సీట్లోకి ఎగిరి కూర్చున్నట్టు ధడాలున గుంతలో పడ్డాడు. దూలం ఒక్కసారిగా దిగింది. శావిగలు భళ్లున ఊడిపడి, ముక్కలు ముక్కలై సుబ్బలక్ష్మమ్మ ఒళ్లో రాలాయి.

"మెల్లగా కూచో నాయనా. ఇవి శావిగలా, ఎలకపిల్లలా?" అంది హనుమక్క.

ఇంకో ముద్ద పెట్టారు. ఈసారి చెన్నప్ప మెల్లగా కూర్చోబోయి, మధ్యలో ఓపిక చాలక బ్రేకు తొక్కినట్టు ఒక ఊపు ఇచ్చాడు. ఒక జానెడు సన్నవి, ఒక జానెడు లావువి, మధ్యలో తెగినవి. మూడో ముద్దకు అతని నడుము పట్టేసింది. దిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, రుబ్బురోలు దగ్గరికి తనే పోయాడు.

"మామా, నువ్వే రా. అనంతపురం దాకా లోడు తోలొచ్చు గానీ నా చేత ఇది గాదు. నువ్వెట్ల కూచుంటావప్పా అంత నిదానంగా?"

"నాకు బిరబిర కూచునేది ఎప్పుడూ చేతగాలేదు చెన్నప్పా" అన్నాడు బయ్యన్న.

లేచి వచ్చాడు. రాళ్లు లేకుండా, తువ్వాలు లేకుండా, గుంతలో కూర్చున్నాడు. దూలం కదిలింది. శావిగలు సన్నగా, నున్నగా దిగాయి. బెత్తెడు దిగాయి, జానెడు దిగాయి, ఆగిపోయాయి. దూలం సగంలో నిలబడింది. దాని మీద బయ్యన్న, కాళ్లు నేలకు అందక వేలాడుతుంటే, తీగ మీద వాలిన కాకిలా ఉండిపోయాడు.

నవ్వడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు. పిండి గట్టిపడిపోతోంది. తిమ్మమ్మ మెల్లగా అంది: "రొంత చివరికి జరగరాదా బయ్యన్నా."

ఏం చెయ్యాలో అక్కడ అందరికీ తెలుసు, బయ్యన్నకు కూడా. రెండు మూరలు జరిగితే దూలం దిగిపోతుంది. కానీ అది పిల్లల జాగా. తాత కూర్చున్న గుంత వదిలి, ఊరి ఆడవాళ్లందరి ముందు, చెన్నప్ప చూస్తుండగా, చివరికి జరగడమంటే ఇక నేను లెక్కలోకి రానని తన నోటితో తనే చెప్పుకోవడం. అతను వినబడనట్టు ఎండ వైపు చూస్తూ ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఈ సందులో లహరి తల్లి చంకలోంచి జారింది. "నేనూ ఊగల్ల" అంటూ గడప దాటి పరుగెత్తి దూలం చివర పట్టుకుని వేలాడింది. ఇంద్రాణి కెవ్వున అరవబోయి, ఆగింది. రెండు అంగల్లో వచ్చి పిల్ల రెక్క పట్టుకుంది. లాక్కెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె దూలం పైన వేలాడుతున్న మామగారి ముఖం చూసింది. పిల్ల రెక్క వదిలింది.

"మామా, ఇది చివరనే కూచుంటాదంట. కిందపడి దెబ్బ తగిలిచ్చుకుంటే నాకు భయం. మీరు పక్కనే కూచుని పట్టుకుంటారా?" అంది. ఆ భయంలో నటన ఏమీ లేదు. "నడిమిలో ఉంటే మీ చెయ్యి అందదు."

బయ్యన్న కోడలి వైపు చూశాడు. సున్నం పీపాకు ఆమడ దూరంలో కట్టేసిన పిల్లను, దూలం ఉన్న కొట్టంలోకే రానీయని పిల్లను, దూలం మీదికే ఎక్కిస్తోంది. అది ఎవరి కోసమో అతనికి అర్థమైంది.

"బిడ్డను పట్టుకోవల్ల గదప్పా. జరుగు మల్ల" అంది హనుమక్క, ఎప్పుడూ లేనంత మెత్తగా.

"బిడ్డ కోసమైతే జరగల్ల" అని గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు బయ్యన్న. గుంతలోంచి లేచి చివరికి జరిగాడు. ఇంద్రాణి లహరిని ఎత్తి అతని ఒళ్లో కూర్చోబెట్టి, చీర పేలిక తెప్పించి ఇద్దరి నడుములకూ కలిపి ముడి వేసింది. ముడి మీద ఇంకో ముడి వేసింది. దూలం కదిలింది. అడుగు దాకా మెల్లగా, ఒకే తీరున దిగింది. లహరి కేరింతలు కొట్టింది. శావిగలు తెగకుండా ఇంత పొడవున దిగుతుంటే సుబ్బలక్ష్మమ్మ మోకాళ్ల మీద లేచి నిలబడి పట్టుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి హనుమక్క పిండి అయిపోయింది. తడి శావిగలు కట్టెల మీద పెళ్లి తెరల్లా వేలాడుతున్నాయి. చెన్నప్ప నడుము పట్టుకుని కాకుల్ని తోలుతున్నాడు. పని జరిగినంతసేపూ ఇంద్రాణి దూలం మీది నుంచి చూపు తిప్పలేదు. ముద్ద మారినప్పుడల్లా ముడి బిగించి చూసింది. ఎల్లుండి తిమ్మమ్మ పిండికి కూడా పాపను తీసుకురావాలని ఆడవాళ్లు అడిగితే, ఆలోచించి చెబుతానంది.

హనుమక్క పళ్లెం తెచ్చింది. ఉడికించిన శావిగలు, బెల్లం పాకం, కొబ్బరి, నెయ్యి. మాను మీద కూర్చున్నవాళ్ల పళ్లెం. బయ్యన్న చేతిలో పెట్టి, ఇంద్రాణి వైపు చూసింది. కొట్టంలో అందరూ ఇంద్రాణి వైపే చూశారు.

ఇంద్రాణి కట్టెల వైపు తిరిగింది. "శావిగలు ఆరినాయో ల్యాదో చూసొస్తా" అని, అప్పుడే ఆరేసిన తడి శావిగల దగ్గరికి పోయి, ఒక్కొక్క తీగనూ పట్టి చూడటం మొదలుపెట్టింది.

బయ్యన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు. పళ్లెం లహరి ముందుకు జరిపాడు. మళ్లీ కొంచెం వెనక్కి లాక్కుని, ఇంకొక ముద్ద తీసుకున్నాడు.

"అమ్మా" అంది లహరి, నోటి నిండా శావిగలతో. "తాత రెండు తినినాడు."

ఇంద్రాణి వెనక్కి తిరగలేదు. "లెక్క పెట్టుకో, మూడోది పెట్టుకుంటే చెప్పు" అంది.